ఛాతీ కప్పుకొని ఈదిన టార్జాన్

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పల్లెల్లో బావిలో దూకే కుర్రవానికి గోచి ఒక్కటి చాలు. ఆ మాత్రపు బట్టతో ఒలింపిక్ కొలనులో దిగడానికి ఒకప్పుడు జగద్విజేతకు సైతం అనుమతి లేదు. వెండితెర టార్జాన్‌గా ప్రసిద్ధుడైన జానీ వైస్‌ముల్లర్ ఆ కాలపు ఈతగాడు.

అతడు 1904 జూన్ 2న నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ఫ్రైడార్ఫ్ గ్రామంలో, జర్మన్ భాషీయుల ఇంట జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ ఊరు రుమేనియా పాలయింది. సరిహద్దు గీత జరిగితే ఇంటిభాష గతి ఏమవుతుందో ఈ ప్రాంతపు తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరిన జానీ షికాగోలో పెరిగాడు. 1924 ఒలింపిక్ జట్టులో స్థానం కోసం, తమ్ముడు పీటర్ పుట్టిన విండ్‌బర్ పట్టణాన్నే తన జన్మస్థలంగా చూపుకున్నాడు. ఆ గుట్టు అప్పుడే బయటపడి ఉంటే చరిత్ర వేరుగా ఉండేదేమో!

విలియం బాక్రాక్ శిక్షణలో రాటుదేలి, 1922 జూలై 9న 100 మీటర్ల దూరాన్ని 58.6 సెకన్లలో ఈదాడు. నిమిషపు హద్దును ఛేదించిన మొదటివాడతడే. 1924లో పారిస్‌లో మూడు, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు ఈత స్వర్ణాలు గెలుచుకున్నాడు. ఆనాడు పురుషులు సైతం భుజాలపై పట్టీలతో, ఛాతీని కప్పి తొడల వరకు దిగే దుస్తులు ధరించవలసిందే. అది వేగం కోసం కాదు, మర్యాద కోసం. ఉన్నిబట్ట నీటిని పీల్చి బరువెక్కి జారేది. పలుచని పట్టు తేలికే గాని, తడిస్తే ఒంటికి అతుక్కునేది.

1929లో బి.వి.డి. అనే లోదుస్తుల సంస్థ, తన ఈతదుస్తుల ప్రచారానికి వారానికి 500 డాలర్లు ఇవ్వజూపింది. ఆనాటి ఒలింపిక్స్ ఆటకు ధనం పుచ్చుకోని వారికే పరిమితం. కొద్దిపాటి సొమ్ముకు బేస్‌బాల్ ఆడినందుకు జిమ్ థార్ప్ పతకాలను 1913లో లాగివేసుకున్న ఉదంతం అందరికీ తెలిసినదే. జానీ జీతాన్నే ఎంచుకున్నాడు. ఎదురులేని దశలో, పాతికేళ్ల ప్రాయంలో పోటీ ఈతకు స్వస్తి పలికాడు. వలస వచ్చిన పేదింటి బిడ్డను అందుకు తప్పుపట్టడం న్యాయం కాదు.

టార్జాన్ పాత్రకు ఎం.జి.ఎం. పిలిచినప్పుడు ఈ ఒప్పందమే అడ్డుతగిలింది. తమ తారలు బి.వి.డి. ఈతదుస్తులలో ఫొటోలు దిగుతారని స్టూడియో అంగీకరించిన మీదటే అతనికి విముక్తి లభించింది. కొలనులో ఛాతీ కప్పుకున్న వీరుడు 1932 నుండి 1948 వరకు 12 చిత్రాలలో గోచితోనే లోకాన్ని అలరించాడు! 1984 జనవరి 20న మెక్సికోలోని అకాపుల్కోలో కన్నుమూశాడు.

ఛాతీ కప్పాలన్న కట్టుబాటు 1930లలోనే సడలిపోయింది. 1950లలో నైలాన్ వచ్చింది. 2008 నాటికి పాలీయురేథేన్ తొడుగులు ఛాతీని మళ్లీ కప్పాయి, ఈసారి వేగం కోసమే. 2009 రోమ్ పోటీలలో 43 ప్రపంచ రికార్డులు బద్దలు కాగా, 2010 నుండి వాటిని నిషేధించారు. పురుషుల దుస్తులు నడుము నుండి మోకాలి వరకే, అదీ నేసిన బట్టతోనే ఉండాలని శాసించారు. జానీకి నాడు తప్పనిసరి అయిన ఛాతీ కప్పు నేడు నిషిద్ధం.