కళ్ళు తిరగడాన్ని శోధించిన పుర్కిన్యే

ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లలకు కాళ్ళు నిలిచినా లోకం నిలవదు. గోడలు, చెట్లు గిరగిర తిరుగుతున్నట్టే తోస్తుంది. తెలుగులో దీన్ని కళ్ళు తిరగడం అంటారు. ఇది వట్టి నుడికారం కాదు. ఆ సమయంలో కళ్ళు నిజంగానే కదులుతాయి. ఒకవైపుకు మెల్లగా జరిగి, చటుక్కున వెనక్కి దుముకుతాయి. మళ్ళీ జరుగుతాయి, మళ్ళీ దుముకుతాయి. తిరిగినవారికి ఆ కదలిక తెలియదు. కనుక లోకమే తిరుగుతోందని భ్రమపడతారు. తన శరీరం మీదనే ప్రయోగాలు చేసి ఈ విషయాన్ని శోధించిన శాస్త్రవేత్త యాన్ ఎవాంజెలిస్టా పుర్కిన్యే.

పుర్కిన్యే 1787 డిసెంబరులో బొహీమియాలోని లిబొఖోవిత్సే అనే ఊళ్ళో జన్మించాడు. నేడు చెక్ దేశంలో ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా పాలకుల ఏలుబడిలో ఉండేది. తండ్రి ఒక ప్రభువు ఎస్టేటులో ఉద్యోగి. పుర్కిన్యేకు ఆరేళ్ళ వయసులోనే ఆయన కన్నుమూశాడు. ఇంట్లో మాట్లాడే భాష చెక్. పదేళ్ళ వయసులో ఆ బాలుడు చర్చిలో పాటలు పాడే పిల్లవాడుగా మికులొవ్ పట్టణంలోని మఠం బడిలో చేరాడు. అక్కడ చదువు సాగాలంటే జర్మన్, లాటిన్ భాషలు నేర్వక తప్పలేదు. తరువాత ఆ సన్యాసుల సంఘంలోనే చేరాడు గాని, స్వేచ్ఛగా చదువుకోవాలన్న కోరిక అతణ్ణి నిలువనీయలేదు. 1807లో సంఘాన్ని విడిచి కాలినడకన ప్రేగ్ నగరం చేరాడు. సంపన్నుల పిల్లలకు పాఠాలు చెప్పి జీవనం గడుపుకుంటూ చదివి, 1818లో వైద్య పట్టా పొందాడు.

ఆయనకు ప్రయోగశాల లేదు, పరికరాలు కొనే స్తోమత లేదు. అందువల్ల తన కళ్ళనే పరికరాలుగా చేసుకున్నాడు. తెల్లవారుజామున పూలను పరిశీలించి, పగటివేళ మెరిసే ఎర్రని పూలు ఆ మసక వెలుతురులో నల్లబారి కనిపిస్తాయని, నీలిపూలు మాత్రం తేటగా ఉంటాయని గుర్తించాడు. కంటిలో ఏ మార్పు కలుగుతుందో చూడాలని డిజిటాలిస్ వంటి విషప్రాయమైన మందులను కూడా తానే మింగాడు. ఇది ఎవరూ అనుసరించదగిన పని కాదు. ప్రాణం దక్కడం ఆయన అదృష్టం.

1820 ప్రాంతంలో ఆయన దృష్టి కళ్ళు తిరగడం మీదికి మళ్ళింది. ఆ కాలంలో మానసిక రోగులను వేగంగా తిరిగే కుర్చీలలో కూర్చోబెట్టి చికిత్స చేసేవారు. అలా తిప్పడం వల్ల కలిగే ఫలితాలను పుర్కిన్యే పరిశీలించాడు. తానుగా తిరిగి చూశాడు. తలను నిటారుగా ఉంచి తిరిగితే లోకం అడ్డంగా తిరిగినట్టుంటుంది. తలను భుజం మీదికి వాల్చి తిరిగి, ఆగిన తరువాత తల ఎత్తితే, లోకం తలకిందులవుతున్నట్టు తోస్తుంది. అంటే భ్రమ ఏ దిశలో సాగుతుందో నిర్ణయించేది తిరిగేటప్పుడు తల ఉన్న తీరు. కారణం తలలోనే ఉందని ఆయనకు దీనితో రూఢి అయింది. నిజానికి తిరిగి ఆగిన తరువాత కళ్ళు కదులుతాయని విలియం వెల్స్ అనే వైద్యుడు 1792లోనే లండన్‌లో ప్రకటించాడు. ఆ రచన మరుగున పడిపోయింది.

మరి తలలో ఏది కారణం? శరీరం ఆగినా, మెత్తనైన మెదడు, ముఖ్యంగా అనుమస్తిష్కం అనే చిన్నమెదడు, వెంటనే కుదురుకోలేదని పుర్కిన్యే ఊహించాడు. ఈ ఊహలో సగమే నిజం. లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు సన్నని అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. తల తిరిగితే ఆ ద్రవం కదిలి నాడులకు వార్త అందిస్తుంది. మనం ఆగినా ద్రవం వెంటనే ఆగదు. ఆ తప్పుడు వార్తను నమ్మి మెదడు కళ్ళను కదిలిస్తుంది. 1870 తరువాత మాఖ్, బ్రాయర్, క్రమ్ బ్రౌన్ అనే ముగ్గురు వేరువేరుగా ఈ సంగతి తేల్చారు. అప్పటికి పుర్కిన్యే లేడు.

1823లో ఆయనకు ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్య పదవి లభించింది. నేడు ఆ నగరం పోలండులో ఉంది. పరాయివాడైన ఆయనను సహాధ్యాపకులు మొదట ఆదరించలేదు. విద్యార్థులకు ప్రయోగాలు తన ఇంట్లోనే చేయించవలసి వచ్చింది. 1832లో మంచి సూక్ష్మదర్శిని చేతికందాక పరిశోధన ఊపందుకుంది. ఆ దశకంలోనే భార్య జూలియా, ఇద్దరు కూతుళ్ళు మరణించారు. ఇద్దరు కొడుకులను పెంచుకుంటూనే ఆయన పని సాగించాడు. 1837లో ప్రేగ్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో అనుమస్తిష్కంలోని పెద్ద నాడీకణాలను వర్ణించాడు. కూజా ఆకారంలో ఉండే ఆ కణాలను నేడు పుర్కిన్యే కణాలు అంటారు. వాటి కొమ్మలు చెట్టులా విస్తరించి ఉంటాయి. ఒక్కొక్క కణానికి లక్షకు పైగా తావుల నుండి సమాచారం అందుతుంది.

27 ఏళ్ళు జర్మన్‌లో బోధించినా ఆయన చెక్ భాషను విడువలేదు. అది పల్లెవాసుల భాష అని, శాస్త్రానికి పనికిరాదని చదువుకున్నవారు చులకన చేసే కాలమది. ఆయన షిల్లర్ కవితలను చెక్‌లోకి అనువదించాడు. 1850లో ప్రేగ్‌కు తిరిగివచ్చి, 1853లో ‘జీవ’ అనే విజ్ఞానశాస్త్ర పత్రికను చెక్ భాషలో ప్రారంభించాడు. ఆ పేరు మన జీవ శబ్దానికి చుట్టమే. మధ్యలో కొన్నాళ్ళు ఆగినా ఆ పత్రిక నేటికీ వెలువడుతోంది. విశ్వవిద్యాలయంలో చెక్ భాషలో బోధన జరగాలని ఆయన పట్టుపట్టాడు. 1869 జులై 28న ప్రేగ్‌లో మరణించాడు. అక్కడ చెక్ విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది 1882లో.

ఈ పుస్తకాన్ని కదలకుండా పట్టుకొని తలను అటూ ఇటూ ఊపుతూ చదివితే అక్షరాలు తెలుస్తాయి. తలను నిలిపి పుస్తకాన్ని అంతే వేగంగా ఊపితే అలుక్కుపోతాయి. తల ఎటు తిరిగితే దానికి ఎదురు దిశలో మెదడు రెండు కళ్ళను తిప్పడమే దీనికి కారణం. చెవి నుండి వార్త రావడం, మెదడు అడుగుభాగంలోని కేంద్రాలు ఆజ్ఞ ఇవ్వడం, మూడు జతల నాడులు ఒక్కొక్క కంటికి ఉన్న ఆరు కండరాలను లాగడం, ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ సమయంలో జరుగుతుంది. ఆ లెక్కలో తేడా వస్తే దిద్దేది అనుమస్తిష్కం. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవారికి నేల ఊగినట్టుండి, కొన్నాళ్ళకు సర్దుకోవడం ఈ దిద్దుబాటు వల్లనే. ఆ పనిలో పుర్కిన్యే కణాలే ముఖ్యమని జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో 1970వ దశకంలో ప్రతిపాదించాడు. కళ్ళు తిరగడం గురించి రాసిన పుర్కిన్యేకు, ఆ కణాలను వర్ణించిన పుర్కిన్యేకు ఆ రెంటికీ గల సంబంధం తెలియనే తెలియదు.