పాటకు పట్టము గట్టిన బడిపంతులు

వియన్నా నగరపు శివారులో ఒక చిన్న బడి. పెద్దపంతులు తండ్రి, పసిపిల్లలచే అక్షరములు దిద్దించు సహాయోపాధ్యాయుడు పదునేడేండ్ల కుమారుడు. ఆ కుమారుని పేరు ఫ్రాన్జ్ షూబర్ట్. జీతము స్వల్పము, మనసు పాఠములపై నిలువదు. అట్టి దినములలో, 1814 అక్టోబరు 19వ తేదీన, అతడు వ్రాసిన ఒక పాటతో యూరపు సంగీతములోని ఒక చిన్న ప్రక్రియ పెద్దల పంక్తిలో కూర్చుండెను.

షూబర్ట్ 1797 జనవరి 31న జన్మించెను. తలిదండ్రులకు పదునలుగురు సంతానము, బ్రదికినవారు అయిదుగురు. తండ్రియే వయొలిన్ నేర్పెను. 1808లో కంఠమాధుర్యమువలన చక్రవర్తి ప్రార్థనామందిరపు గాయకబృందములో చోటును, దానితోపాటు మంచి చదువును లభించినవి. ఆస్థాన విద్వాంసుడు సాలియేరి గురువయ్యెను. 1813లో అచ్చటి చదువు విడిచి, ఉపాధ్యాయశిక్షణ పొంది, తండ్రి బడిలో చేరెను.

జర్మను భాషలో లీడ్ అనగా పాట. ఒక కవి గేయమునకు ఒక కంఠమును, ఒక పియానోను జతచేసి కూర్చు చిన్న రచన అది. షూబర్టుకు ముందు లీడ్ ఇండ్లలో వినోదార్థము పాడుకొనునది. సాధారణముగా ఒకే వరుసలో చరణములన్నియు నడుచును. పియానో కంఠమునకు ఊతకఱ్ఱ మాత్రమే. ఒపేరా, సింఫొనీల ప్రక్కన దానికి పీట వేయువారు లేరు. మన వాగ్గేయకారుడు మాటను, పాటను తానే కూర్చును. లీడ్ రచయితకు మాట పరునిది. కవి చెప్పక విడిచినదానిని వినిపించుటలోనే ఆతని ప్రజ్ఞ.

ఆ అక్టోబరు పాటకు గేయము గోథే ఫౌస్ట్ నాటకములోనిది. గ్రెట్షెన్ అను కన్య రాట్నము ముందు కూర్చుండి ప్రియుని తలంచుచున్నది. షూబర్ట్ పియానోపై కుడిచేతికి చక్రపు గిరగిరలను, ఎడమచేతికి కాలితో త్రొక్కు మీట చప్పుడును ఇచ్చెను. కన్య ప్రియుని ముద్దును స్మరించిన క్షణమున చక్రము ఆగిపోవును. పిమ్మట ఒకమారు కదలి, ఆగి, మరల కదలి, తడబడుచు తిరుగనారంభించును. ఆమె చేయి రాట్నమును మరచినదని గేయములో ఎక్కడను లేదు, పియానో చెప్పినది.

మరుసటి యేడు, బడిపని విడువకయే, సుమారు 140 పాటలు వ్రాసెను. వానిలో ఎర్ల్‌కోనిగ్ మిక్కిలి ప్రసిద్ధము. రాత్రి గాలిలో ఒక తండ్రి బిడ్డను పొదివికొని గుఱ్ఱముపై పోవుచుండును. పిశాచరాజు బిడ్డను పిలుచును. ఆ పిలుపు తండ్రికి వినబడదు. కథకుడు, తండ్రి, బిడ్డ, పిశాచరాజు, నలుగురును ఒకే గాయకుని కంఠమున పలుకవలెను. తండ్రికి మంద్రస్వరము, బిడ్డకు తారస్వరము; పిశాచరాజు మాటలు జోలపాటవలె తీయన. బిడ్డ కేక ఒక్కొక్కసారికి ఒక్కొక్క మెట్టు పైకి పోవును. పియానోపై కుడిచేయి గుఱ్ఱపుడెక్కలై విరామములేక మ్రోగుచుండును. ఆ చేతికి నొప్పి పుట్టని విద్వాంసులు అరుదు. ఇల్లు చేరగానే డెక్కల చప్పుడు ఆగును. బిడ్డ మరణవార్త రాగము లేక, ఇంచుమించు మాటవలె వెలువడును.

మిత్రుడు స్పౌన్ 1816లో గోథే గేయములకు కూర్చిన పాటలను గోథేకే పంపెను. ప్రత్యుత్తరము లేకయే కట్ట తిరిగి వచ్చెను. గోథేను నిందించుట తేలిక. కాని ప్రతి చరణమునకు ఒకే వరుస గల నిరాడంబరమైన పాటయే ఆతని అభిరుచి. షూబర్ట్ పోయిన పిమ్మట, 1830లో, ఒక గొప్ప గాయని పాడగా ఎర్ల్‌కోనిగ్ విని ఆ వృద్ధకవి మెచ్చుకొనెను. ప్రచురణకర్తలును మొదట ముందుకు రాలేదు. 1821లో మిత్రులే చందాలు పోగుచేసి దానిని అచ్చు వేయించిరి.

1818లో బడిపని శాశ్వతముగ విడిచెను. అటుపై స్థిరమైన ఉద్యోగము లేదు. మిత్రుల గదులలో తలదాచుకొనుచు ఉదయమెల్ల వ్రాసెడివాడు. 1822 చివర సోకిన సుఖవ్యాధి ఆతని శేషజీవితమును క్రుంగదీసెను.

ఆ యుగమును సంగీతచరిత్రకారులు రొమాంటిక్ యుగమందురు. తెలుగులో కాల్పనికమని వ్యవహారము. ఆంగ్ల కాల్పనిక కవుల ప్రభావము మన భావకవిత్వముపై ప్రసరించినది గనుక ప్రకృతితో మైత్రి, విరహము, లోకములో ఒంటరితనము తెలుగు పాఠకులకు క్రొత్తవి కావు. అవియే షూబర్ట్ గీతమాలికల సామగ్రి. ఒకే సూత్రమున గ్రుచ్చిన పాటల వరుస గీతమాలిక. 1816లో బీథోవెన్ ఆరు పాటలతో అట్టిదానిని కూర్చెను. షూబర్ట్ విల్హెల్మ్ ముల్లర్ గేయములు గ్రహించి 1823లో ఇరువది పాటల మాలికను, 1827లో ఇరువదినాలుగు పాటల శీతకాల యాత్రను రచించెను. ఈ రెండవదానిలో కథ దాదాపు లేదు. ప్రేమలో భగ్నుడైన యొకడు మంచులో నడచుచుండును, అంతే. చివరకు ఊరి వెలుపల ఒక ముసలి వాద్యకాడు ఎదురగును. వాని కాళ్లకు చెప్పులు లేవు, పళ్లెములో కాసు లేదు, వినువాడు లేడు. పియానో ఎడమచేయి తంబురా శ్రుతివలె మార్పులేక మ్రోగుచుండును. దానిపై రెండుమూడు పలుకులు. ఆ ముసలివానితో కలిసి పోవుదునా యని యాత్రికుడు ప్రశ్నించుటతో మాలిక ముగియును. షూబర్ట్ స్వయముగా పాడి వినిపింపగా మిత్రులు ఆ విషాదమునకు నిశ్చేష్టులైరి; షోబర్ అను మిత్రునికి ఒక్క పాటయే నచ్చినదట. అన్నిటికన్న తనకు ఇవియే ప్రియములనియు, వారికిని ముందు నచ్చుననియు షూబర్ట్ తెలిపెను.

1827లో బీథోవెన్ అంత్యయాత్రలో అతడు దివిటీ పట్టి నడచెను. కేవలము స్వీయరచనలతో బహిరంగ సభ జీవితమున ఒక్కటే జరిగినది, 1828 మార్చి 26న. ఆ దినములలోనే పగనినీ వియన్నాకు వచ్చుటచే పత్రికల దృష్టి అటు మరలెను. శీతకాల యాత్ర ద్వితీయభాగపు అచ్చుప్రతులను మరణశయ్యపైనే దిద్దుచు, 1828 నవంబరు 19న, ముప్పదియొకటవ యేట కన్నుమూసెను.

పాటలు ఆరువందలకు పైగా మిగిలెను. అన్నగారి యింటనున్న వ్రాతప్రతులలో షూమన్ ఒక బృహత్సింఫొనీని కనుగొనగా, 1839లో మెండెల్సన్ లైప్‌జిగ్ నగరమున దానిని వినిపించెను. 1822లో ఆరంభించి రెండు భాగములతో విడిచిన మరియొక సింఫొనీ వ్రాతప్రతి గ్రాట్జ్ నగరములో ఒక మిత్రునియొద్ద ఏండ్లతరబడి పడియుండెను. దానిని వియన్నావారు మొదటిసారి వినినది 1865 డిసెంబరు 17న.