బిడ్డలు లేని ఇంటి పెద్ద

నిజామాబాదు జిల్లాలో నందిపేట ప్రాంతాన్ని తాకుతూ పారే గోదావరి రాజమహేంద్రవరం చేరేసరికి సముద్రమంత విశాలమవుతుంది. అక్కడ ఒకప్పుడు ఆ నది నుండి స్వయంగా నీళ్లు మోసి తెచ్చి, పదిమందికి వండిపెట్టిన ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మగారు. ఆమె భర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

1848లో జన్మించిన పంతులుగారికి నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి సుబ్బారాయుడుగారు గతించారు. తల్లి పున్నమ్మగారు, పెదతండ్రిగారు ఆయనను పెంచారు. 1861లో వివాహం. పుట్టింట బాపమ్మగా పెరిగిన ఆ బాలిక అత్తింట రాజ్యలక్ష్మి అయినది. 1874లో 'వివేకవర్ధని' పత్రిక, ధవళేశ్వరంలో బాలికా పాఠశాల వెలిశాయి. ఇవన్నీ చరిత్రకారులు వివరంగానే చెప్పారు. వంటింటి సంగతి మాత్రం అంతగా చెప్పరు.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుగారికి, బాలవితంతువు గౌరమ్మకు పంతులుగారు తమ ఇంటనే వివాహం జరిపించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. ధనంతో తీరని చిక్కులు వేరే ఉన్నవి. ఊరు వెలివేసినది. వంటవారు మానుకొన్నారు, నీళ్లు తెచ్చేవారు రాలేదు. పుట్టింటివారు వచ్చి రాజ్యలక్ష్మమ్మగారిని తమతో రమ్మని నిర్బంధించారు. ఆమె కదలలేదు. బిందె చంకనెత్తుకొని గోదావరికి నడిచినది. నిర్ణయం భర్తది, భారం భార్యది. ఈ మాట ఒప్పుకొనక తప్పదు. అయితే పంతులుగారు ఆ భారాన్ని ఎరుగనివారు కారు. సభలలో ఎంత కఠినంగా మాట్లాడినా, ఆయన ధైర్యానికి ఆధారం ఆ ఇల్లే.

వారికి సంతానం కలుగలేదు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతు బాలికలే ఆ లోటు తీర్చారు. వారికి అన్నం పెట్టి, చదువు చెప్పించి, వరులను వెదకి, పురుళ్లు పోసి పంపినది ఆ దంపతులే. కన్నబిడ్డ ఉన్నవారికైనా ఇంతకంటె పని ఏముంటుంది? 1906లో తమ యావదాస్తిని హితకారిణీ సమాజానికి వ్రాసి ఇచ్చినప్పుడు పంతులుగారు ఆ బిడ్డలకే పంచి ఇచ్చినట్లయినది.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు మరణించారు. దాదాపు ఏబదియేండ్ల సాహచర్యం అంతటితో ముగిసినది. తరువాత తొమ్మిదేండ్లు పంతులుగారు ఒంటరిగా వ్రాస్తూనే ఉన్నారు. 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట కన్నుమూసేనాటికి కవుల చరిత్రను సవరించే పని ఇంకా ఆయన చేతిలోనే ఉన్నది.