ఖుర్‌ఆన్ పదాల లోతు వెదికిన జపాన్ తత్వవేత్త

ఈమాన్, కుఫ్ర్, షుక్ర్, తఖ్వా. ఈ మాటలు మనం రోజూ వింటాం, పలుకుతాం. వీటిలో ఒకదానికి అర్థమేమిటని ఇంట్లో పిల్లవాడు అడిగితే, తడుముకోకుండా చెప్పగలవారు మనలో ఎంతమంది? ముస్లింలు బహు కొద్దిమంది మాత్రమే ఉన్న జపాన్‌లో పుట్టిన ఒక పండితుడు ఈ మాటల కోసం ఏళ్ల తరబడి శ్రమించాడు. ఆయనే తొషిహికో ఇజుత్సు.

ఇజుత్సు 1914 మే 4న టోక్యోలో జన్మించారు. తండ్రి జెన్ బౌద్ధ సాధనలో నిష్ణాతుడు. మనసు అనే అర్థమిచ్చే అక్షరాన్ని కాగితంపై రాసి, దానినే తదేకంగా చూడమని కొడుకును కూర్చోబెట్టేవారు. తర్వాత ఆ అక్షరాన్ని మరచి, తనలోని మనసును చూడమనేవారు. చదువు మాత్రం క్రైస్తవ మిషనరీ పాఠశాలలో సాగింది. ఇంట్లో ఒక ధర్మం, బడిలో మరో ధర్మం. మనిషి దైవాన్ని గురించి, సత్యాన్ని గురించి ఎన్ని విధాలుగా ఆలోచిస్తాడో తెలుసుకోవాలన్న తపన ఆయనలో చిన్ననాడే కలిగింది.

కెయో విశ్వవిద్యాలయంలో ముందు అర్థశాస్త్రంలో చేరి, తర్వాత ఆంగ్ల సాహిత్యానికి మారారు. 1937లో పట్టభద్రుడై అక్కడే సహాయకునిగా కుదిరారు. హిబ్రూ నేర్చుకున్నాక మనసు అరబీ వైపు మళ్లింది. కాని ఆనాటి టోక్యోలో అరబీని లోతుగా బోధించేవారు దొరకడం గగనం.

ఆ లోటు తీర్చినవారు రష్యా నుండి వచ్చిన ఇద్దరు తాతార్ ముస్లిం పండితులు. మొదటివారు అబ్దుర్రషీద్ ఇబ్రాహీం. 1938లో ప్రారంభమైన టోక్యో మస్జిదుకు ఇమాముగా సేవలందించి, 1944లో అక్కడే కన్నుమూసిన పెద్దాయన. కేవలం భాష కోసం వస్తే ప్రయోజనం లేదనీ, అరబీతో పాటు ఇస్లాంను కూడా నేర్చుకోవాలనీ ఆయన షరతు పెట్టారు. రెండవవారు మూసా జారుల్లాహ్. సోవియట్ పాలనలో స్వదేశం విడిచి దేశదేశాలు తిరిగిన విద్వాంసుడు. చేతిలో డబ్బు లేదు, గ్రంథాలూ లేవు. అయినా సీబవైహ్ రచించిన బృహత్తర అరబీ వ్యాకరణాన్ని జ్ఞాపకం నుండే బోధించారు. ఒకసారి శిష్యుని ఇంట్లో గుట్టలుగా ఉన్న పుస్తకాలు చూసి, ఇల్లు తగలబడితే నీ విద్య ఏమైపోతుందని అడిగారట. విద్య అల్మారాలో కాదు, తలలో ఉండాలన్నది ఆ గురువు నేర్పిన పాఠం. ఈ ముచ్చట ఇజుత్సు తన చివరి రోజుల్లో కూడా చెప్పుకున్నారు.

1941లో, ఇరవై ఏడేళ్లకే, అరబ్బుల ఆలోచనా చరిత్రపై గ్రంథం వెలువరించారు. యుద్ధం ముగిశాక క్షయవ్యాధితో బాధపడుతూనే గ్రీకు తత్వంపై రాసిన గ్రంథం 1949లో వచ్చింది. 1957-58లో దివ్యఖుర్‌ఆన్‌కు ఆయన చేసిన జపనీస్ అనువాదం మూడు సంపుటాలుగా ప్రచురితమయింది. అంతకు ముందు జపాన్‌లో ఇతర భాషల మీదుగా వచ్చిన అనువాదాలున్నాయి. ఈయన నేరుగా అరబీ మూలం నుండి, అదీ సామాన్యునికి అర్థమయ్యే వాడుక భాషలో అనువదించారు. 1964లో దానిని సవరించి మళ్లీ వెలువరించారు.

అనువాదం చేస్తున్నవారికే తెలుస్తుంది పదం బరువు. ఇతర భాషల నిఘంటువులు చూసి ఖుర్‌ఆన్ పదాలకు అర్థం చెప్పబోతే దారి తప్పుతామని ఇజుత్సు గ్రహించారు. ఒక పదం ఏ పదాల పక్కన వస్తోంది, దేనికి వ్యతిరేకంగా నిలుస్తోంది అన్నది ఖుర్‌ఆన్‌లోనే వెదకాలన్నది ఆయన పద్ధతి. కుఫ్ర్‌నే తీసుకోండి. పొందిన మేలును మరుగుపరచడం, కృతఘ్నత చూపడం దాని పూర్వార్థం. అంటే అది మొదట షుక్ర్‌కు వ్యతిరేకపదం. దైవానుగ్రహాలను అనుభవిస్తూ దాతను కాదనడమే కృతఘ్నత కనుక, అదే పదం ఈమాన్‌కూ వ్యతిరేకంగా నిలిచింది.

తఖ్వా కూడా అంతే. అజ్ఞానకాలంలో ఆ మాటకు, ముంచుకొచ్చే ప్రమాదానికీ తనకూ మధ్య ఏదో ఒకటి అడ్డు పెట్టుకొని కాచుకోవడం అని అర్థం. ఖుర్‌ఆన్ దానిని దైవం ముందు మనిషి వహించవలసిన భయభక్తులుగా మార్చింది. కరీమ్ అంటే నాడు ఉన్నత వంశీయుడు, పేరు కోసం ఒంటెలను కోసి విందులిచ్చే దాత. ఖుర్‌ఆన్ వచ్చి ఆ గౌరవాన్ని వంశం నుండి తీసి తఖ్వా గలవారికి ఇచ్చింది. పదాలు పాతవే, వాటి లోకం మారిపోయింది. 1959లోనూ, 1964లోనూ ఆంగ్లంలో వెలువడిన ఆయన గ్రంథాలు ఈ విషయాన్నే వివరించాయి. దైవానికీ మానవునికీ గల సంబంధాన్ని ఆయన నాలుగుగా చూపారు: సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఉన్నది, వహీ-దుఆల ద్వారా సాగే సంభాషణ, ప్రభువుకూ దాసునికీ మధ్య ఉన్నది, కారుణ్యానికి కృతజ్ఞతతో, ఆగ్రహానికి తఖ్వాతో బదులిచ్చే నైతిక బంధం.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆయనను ఆహ్వానించింది. ఇబ్నె అరబీ భావాలను చైనాలోని తావో తత్వంతో పోల్చిన గ్రంథం 1966-67లో వచ్చింది. ఇబ్నె అరబీ విషయంలో ముస్లిం పండితులలోనే తీవ్రమైన అభిప్రాయభేదాలున్నాయి. ఇజుత్సు తీర్పరిగా కాక, పరిశీలకునిగా మాత్రమే ఆ పని చేశారు. 1967 నుండి 1982 వరకు స్విట్జర్లాండ్‌లోని ఎరనోస్ సమావేశాల్లో తూర్పు దేశాల తత్వాన్ని పడమటి పండితులకు వినిపించారు. టెహ్రాన్‌లోనూ బోధన సాగించారు. 1979లో ఇరాన్ విప్లవం రావడంతో స్వదేశానికి తిరిగివచ్చారు. 1983లో జపనీస్‌లో వెలువరించిన గ్రంథంలో ఇస్లాం, జెన్, వేదాంతం, యూదుల కబాలా చింతనలను ఒకేచోట చర్చించారు. జపాన్ తత్వచింతన పడమటివైపే చూస్తూ ఉండిపోకుండా, దానికి ముస్లిం ప్రపంచపు ద్వారం తెరిచినవారిలో ఆయన ముఖ్యులు. 1993 జనవరి 7న కమకురాలో మరణించారు.

ఇజుత్సు ఇస్లాం స్వీకరించలేదు. ఆ మాట దాచనక్కరలేదు. హిదాయత్ అల్లాహ్ చేతిలో ఉంది, హృదయాల లెక్క మన పని కాదు. పదాల అర్థం తెలియడం వేరు, ఆ పదాలకు తల ఒగ్గడం వేరు అని ఆయన జీవితం మనకు గుర్తు చేస్తుంది. అయితే మరో వైపు కూడా చూడాలి. ఆ మాటలను విశ్వసిస్తున్నామని చెప్పుకునే మనం, వాటి అర్థం కోసం ఆయన పడిన శ్రమలో పదో వంతైనా పడ్డామా? గురువు ఇంటికి నడిచి వెళ్లామా? ఇంట్లో గుడ్డలో చుట్టి ఎత్తున పెట్టిన ముస్‌హఫ్ మనల్ని ఈ ప్రశ్న అడగదా?

ఈ రోజే ఒక్క పదంతో మొదలుపెడదాం. అల్లాహ్ మనకు తన గ్రంథాన్ని చదివే, గ్రహించే, ఆచరించే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.