జీతము కొలువలేని మేధ – శ్రీనివాస రామానుజన్

బుద్ధి గలవాడే ధనము గడించుననియు, ధనము గడింపలేనివాడు బుద్ధిలో కొరవడినవాడనియు లోకమున నొక నమ్మకము పాతుకొని యున్నది. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు వరుని గుణమునకు ముందు జీతము విచారించుటయు, అల్పవేతనము గలవాని మాటను సభలో త్రోసిపుచ్చుటయు ఈ నమ్మకమునుండి పుట్టినవే. ఇది యెంతవరకు సత్యమో తెలియుటకు తర్కము కంటె, ఒక మహామేధావి జీవితమును అతడు నెలనెల గడించిన సొమ్మును ప్రక్కప్రక్కన నుంచి చూచుట మేలు. అట్టి జీవితము గణితవేత్త శ్రీనివాస రామానుజన్ గారిది.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణమున నొక బట్టల వర్తకుని యొద్ద గుమాస్తా. ఆయనకు నెలకు సుమారు 20 రూపాయలు వచ్చెడివి. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడి కొంత తెచ్చెడిది. అదియు చాలక విద్యార్థులకు ఇంటిలో భోజన వసతి కల్పించి, వారిచ్చు పైకముతో సంసారము నెట్టుకొని వచ్చిరి. ఇట్టి యింట పుట్టిన బాలుడు కుంభకోణము టౌన్ హైస్కూలులో అందరికంటె మిన్నగా లెక్కలు చేయుచుండెను. 1903లో జి.ఎస్. కార్ అను ఆంగ్లేయుడు పరీక్షార్థులకై కూర్చిన గణితసూత్ర సంగ్రహ మొకటి అతని చేతికి చిక్కెను. అందు వేలకొలది సూత్రములు గలవు గాని వాని ఉపపత్తులు చాలవరకు లేవు. ఆ లోపమే అతనికి గురువాయెను. ప్రతి సూత్రమును తానే సాధించుకొనుచు, క్రమముగా గ్రంథమున లేని క్రొత్త సూత్రములను కనుగొన మొదలిడెను.

1904లో ఉన్నత పాఠశాల విద్య ముగియునప్పటికి అతడు గణితమున బహుమానము పొందెను. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనమును లభించెను. కాని గణితము తప్ప తక్కిన విషయములపై అతని మనసు నిలువలేదు. పరీక్ష తప్పెను, వేతనము పోయెను. ఆ క్లేశమున 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి, మన తెలుగు సీమలోని విశాఖపట్టణమునకు వెడలిపోయెను. పిమ్మట మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, 1906లోను 1907లోను ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసి రెండుమారులును తప్పెను. నాటి విద్యా విధానపు కొలబద్దతో చూచినచో అతడొక విఫల విద్యార్థి. పట్టము లేదు, ఉద్యోగము లేదు.

1909లో జానకి గారితో వివాహమయ్యెను. 1910లో శస్త్రచికిత్స అవసరము కాగా, ఇంట సొమ్ము లేనందున నొక వైద్యుడు దానిని ఉచితముగా చేసెను. కాగితము కొనుటకు సైతము ఇబ్బందియే గనుక రామానుజన్ పలకపై లెక్కచేసి, మోచేతితో తుడిచి, తుదకు తేలిన ఫలితమును మాత్రము నోటు పుస్తకమున కెక్కించెడివాడు. దమ్మిడీ ఆదాయము లేని ఆ దినములలో నిండిన పుస్తకములే నేడు ప్రపంచ ప్రసిద్ధములు. వానిలోని ఫలితములకు ఉపపత్తులు కూర్చి, బ్రూస్ బెర్న్‌డ్ట్ అను అమెరికా ఆచార్యుడు 1985 మొదలు 1998 వరకు ఐదు సంపుటములు వెలువరింపవలసి వచ్చెను. జీతము లేని కాలమున ఒక యువకుడు పలకపై చేసిన పనిని తెలిసికొనుటకు జీతము గల పండితులకు దశాబ్దములు పట్టినవని పాఠకులు గమనింతురు గాక.

1910లో రామానుజన్ తాలూకా కచ్చేరీలో గుమాస్తా పని యాచించుటకు తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరగు రామస్వామి అయ్యరు కడకు పోయెను. ఆయన భారత గణిత సంఘమునకు స్థాపకుడు. ఆ పుస్తకములను చూచి, ఇట్టి ప్రతిభను రెవిన్యూ కాగితముల క్రింద పూడ్చరాదని తలచి, ఆ చిన్న ఉద్యోగ మీయక, గణితము తెలిసిన పెద్దలకు ఉత్తరములిచ్చి పంపెను. ఆ బాటను అతడు నెల్లూరు కలెక్టరగు ఆర్. రామచంద్రరావు గారి యెదుట నిలిచెను. రావుగారు తొలుత సందేహించినను, విషయము గ్రహించిన పిమ్మట నెలకు 25 రూపాయలు స్వయముగా నిచ్చి పోషించిరి. రామానుజన్ ఆయనను ఐశ్వర్యము కోరలేదు. అన్నమునకు చింత లేక లెక్కలు చేసికొను తీరిక దొరికిన చాలునని కోరెను.

పరుల ధనముపై బ్రతుకుట ఇష్టములేక 1912లో అకౌంటెంట్ జనరల్ కార్యాలయమున 20 రూపాయల జీతముపై కొన్ని వారములు పనిచేసెను. ఆ సంవత్సరమే మార్చి 1వ తేదీన మదరాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగా చేరెను. అచ్చటి పెద్దలగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, నారాయణ అయ్యరు గార్లు అతని విలువ నెరిగి ప్రోత్సహించిరి. 1913 జనవరి 16వ తేదీన అతడు కేంబ్రిడ్జిలోని ఆచార్య హార్డీకి తన సూత్రములతో లేఖ వ్రాసెను. హార్డీయు లిటిల్‌వుడ్డును వానిని పరిశీలించి, ఇవి అసాధారణ మేధావి సృష్టియని నిశ్చయించిరి. ఆ యేడే మదరాసు విశ్వవిద్యాలయము పట్టము లేని ఈ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మొసగెను. 1914లో ఇంగ్లండు ప్రయాణమునకై సంవత్సరమునకు 250 పౌనులు మంజూరు చేసెను. నాటి 15 రూపాయల మారకము చొప్పున అది నెలకు 300 రూపాయలకు పైమాటే.

ఇచ్చట నిలిచి యోచింతము. 1912లో 30 రూపాయలు, 1914లో 300కు పైగా. ఆ రెండేండ్లలో అతని మేధ పదింతలు పెరిగెనా? లేదు. పెరిగినది అతనిని గుర్తించినవారి సంఖ్య. జీతము అతని బుద్ధిని కొలువలేదు, ఇతరులు దానిని ఎరిగిన మేరను కొలిచినది.

ఇంగ్లండున యుద్ధకాలపు కొరతలు, చలి, శాకాహార నియమము అతనిని క్రుంగదీసెను. 1917 నుండి వ్యాధిగ్రస్తుడయ్యెను. అయినను 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పును పొందిన గౌరవ మతనికి దక్కెను. మదరాసు విశ్వవిద్యాలయము మరల ఏటికి 250 పౌనులు ప్రకటించెను. అప్పుడు, 1919 జనవరిలో, అతడు విశ్వవిద్యాలయమునకు వ్రాసిన లేఖ మిక్కిలి స్మరణీయము. తన తలిదండ్రులకు 50 పౌనులిచ్చి, తన అవసరములు గడచిన పిమ్మట మిగిలిన సొమ్మును పేద బాలురకును అనాథలకును పాఠశాల రుసుము తగ్గించుటకు, పుస్తకములు సమకూర్చుటకు వినియోగింపుమని కోరెను. తనకు అధికమైన దానిని తనది కాదనుకొను ఈ గుణమునకు దాసోహమను మాట యెరిగిన మనకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

1919 మార్చిలో స్వదేశము చేరెను. రోగశయ్య నుండియే 1920 జనవరిలో మాక్ తీటా ఫలములను గూర్చి హార్డీకి తెలియజేసెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన మదరాసున 32 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. జానకి గారు స్వల్పమగు పింఛనుతోను, కుట్టుపనితోను కాలము గడిపి 1994లో గతించిరి. రామానుజన్ చివరి దినముల వ్రాతలు 1976లో ట్రినిటీ గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ అను ఆచార్యునకు కనబడి, గణితలోకమును మరల ఆశ్చర్యమున ముంచెను.

బుద్ధికిని సంపాదనకును సంబంధమే లేదనుటయు న్యాయము కాదు. పెక్కుమందిని కలిపి లెక్కించినచో, బుద్ధి పరీక్షలలో అధికముగా మార్కులు పొందినవారు సగటున కొంత యెక్కువ గడింతురని పరిశోధకులు చెప్పుదురు. కాని 2023లో ప్రకటితమైన స్వీడన్ దేశపు పరిశోధన యొకటి, సుమారు 59,000 మంది పురుషులను పరిశీలించి, జీతము ఒక మేరకు మించిన పిమ్మట బుద్ధి దానితోకూడ పెరుగుట లేదనియు, అత్యున్నత వేతనములవారు వారి దిగువనున్నవారికంటె బుద్ధిలో మించినవారు కారనియు తేల్చినది. సగటు లెక్క గుంపును గూర్చి చెప్పునే గాని, మన యెదుట నిలిచిన బాలుని గూర్చి చెప్పజాలదు.

బీదయింట పుట్టిన మేధ తనంత తాను వెలుగునని నమ్మి ఊరకుండుట తగదు. రామానుజన్ కథలో ఉచితముగా చికిత్స చేసిన వైద్యుడు, చిన్న ఉద్యోగ మీయ నిరాకరించిన అధికారి, 25 రూపాయలిచ్చిన కలెక్టరు, లేఖను చెత్తబుట్టలో వేయని ఆచార్యుడు, వీరిలో ఏ యొక్కరు లేకున్నను ఆ నోటు పుస్తకములు కుంభకోణపు అటకపై చెదలకు ఆహారమై యుండెడివి. కావున మఠములందు విద్యార్థులకు అన్నము, వసతి కల్పించు పెద్దలును, పిల్లల మార్కులను జీతములను తూచు తలిదండ్రులును ఒక్క మాట స్మరింపవలెను. తప్పిన పరీక్షను చూచి బాలుని తక్కువగా తలపకుడు. అతడే విషయమున తన్ను తాను మరచునో కనిపెట్టి, దానికి కావలసిన పలకయు, పుస్తకమును, పూటకూడును సమకూర్చుడు. అతడెంత గడించునన్నది పిమ్మట తెలియును.