స్వర్ణోత్సవ ‘ఈనాడు’కు ఆటోనగర్ అభినందన

1974 ఆగస్టు 10న విశాఖ సీతమ్మధారలో తొలి సంచిక అచ్చువేసుకున్న ‘ఈనాడు’కు 2024 ఆగస్టుతో యాభై ఏళ్లు నిండాయి. లేత్ మిషన్ల దగ్గర, వెల్డింగ్ షెడ్లలో, లారీలకు బాడీలు కట్టే యార్డుల్లో చెమటోడ్చే విశాఖ ఆటోనగర్ పాఠకులందరి తరఫున, షెడ్డు యజమాని మొదలు హెల్పర్ కుర్రాడి దాకా పేరుపేరునా, మన ఊళ్లో పుట్టిన పత్రికకు స్వర్ణోత్సవ శుభాకాంక్షలు!

అప్పట్లో తెలుగు దినపత్రికలు విశాఖకు విజయవాడ నుంచి రైల్లో వచ్చేవి. చేతికందేసరికి పొద్దెక్కిపోయేది. పోర్టుకో షిప్‌యార్డుకో తెల్లారి డ్యూటీకి వెళ్లేవాళ్లు సాయంత్రం ఇల్లు చేరాకే పేపరు మొహం చూసేవారు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో పుట్టిన చెరుకూరి రామోజీరావు గారు ఈ లోటు కనిపెట్టారు. పత్రికలు పాతుకుపోయిన ఊళ్లను కాదని విశాఖను ఎంచుకుని, సూర్యుడికంటే ముందే పేపరు గుమ్మంలో పడాలని పట్టుబట్టారు. ఏబీకే ప్రసాద్ గారు తొలి సంపాదకులు. మెకానిక్కూ మాస్టారూ ఒకే వార్తను ఒకేలా చదువుకోగలిగే వాడుక తెలుగు ఆ పత్రికకు బలమైంది. మా దృష్టిలో తెల్లవారుజామున అందడం ఎంత పెద్ద మార్పో, ఆ భాష అంతకంటే పెద్ద మార్పు.

కొద్దివేల ప్రతులతో మొదలైన అడుగు 1975లో హైదరాబాద్‌కు, 1978లో విజయవాడకు, 1982లో తిరుపతికి సాగి, ‘ఈనాడు’ను తెలుగులో అత్యధిక సర్క్యులేషన్ గల దినపత్రికగా నిలబెట్టింది. 1977 దివిసీమ ఉప్పెన వేళ పత్రిక పాఠకుల దగ్గర విరాళాలు పోగుచేసి పాలకాయతిప్పలో ఇళ్లు కట్టించింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ప్రజల పక్షాన గొంతెత్తింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడినప్పుడు ఆ పోరును ఊరూరా వినిపించింది. ఇక శ్రీధర్ గారి ‘ఇదీ సంగతి’ కార్టూన్ చూడకుండా తెల్లారని ఇళ్లెన్నో ఉండేవి!

ఎన్ని మైలురాళ్లు చెప్పుకున్నా, మాలాంటివాళ్లకు 1989లో వచ్చిన జిల్లా అనుబంధమే అన్నిటికంటే గొప్పది. అంతవరకూ పేపరంటే ఢిల్లీ, హైదరాబాద్ కబుర్లే. ఆ తర్వాత మా వీధి కాలువ, మా బడి, మా కరెంటు కోత కూడా వార్తలయ్యాయి. ఆటోనగర్‌లో కారుకు స్ప్రే కొట్టే ముందు అద్దాలకూ లైట్లకూ రంగు అంటకుండా పాత పేపర్లు టేపుతో అతికిస్తారు. పేపరు చింపుతున్న కుర్రాడు గాజువాక వార్త కనిపించగానే ఆగిపోతాడు. గ్రీజు వేలు అక్షరాల కిందగా జరుపుకుంటూ చివరిదాకా చదివి, ఆ పేజీని బల్ల కింద దాచి, ఇంకో పేజీ అందుకుంటాడు. ఏ సర్వే అక్కర్లేని ఆదరణ అది.

పత్రికలాగే విశాఖ గర్వించే ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. అంటే ఉక్కూ పత్రికా ఈ గడ్డమీద జంటగా ఎదిగాయి. ఉద్యమంలో 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న ఆ ఉక్కుకు ఇవాళ ప్రైవేటీకరణ గండం పొంచి ఉంది. ఆ ఫ్యాక్టరీ ఆర్డర్ల మీద ఆధారపడ్డ చిన్న షెడ్లు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటి గోడు ఎప్పటికప్పుడు వినిపిస్తూ ఉండమని ఈ పండుగపూట చనువుగా కోరుతున్నాం. ఇంటి పత్రిక కాబట్టే అడుగుతున్నాం.

స్వర్ణోత్సవానికి రెండు నెలల ముందు, 2024 జూన్ 8న, రామోజీరావు గారు కన్నుమూశారు. ఈ సంబరం ఆయన కళ్లారా చూడలేదన్న దిగులు మాకూ ఉంది. అయినా ఆయన నాటిన మొక్క వటవృక్షమై మన ముందుంది.

ఇప్పుడు వార్త ఫోన్లో గడియకొకటి వస్తోంది. పుకారు అంతకంటే వేగంగా వస్తోంది. కాగితం మీదైనా తెర మీదైనా, నిజమో కాదో తేల్చుకోవడానికి జనం ‘ఈనాడు’ వైపు చూడాలి, చూస్తారని మా నమ్మకం. విలేకరులకు, రాత్రంతా మేల్కొనే ప్రెస్ కార్మికులకు, వానలోనూ సైకిలాపని పేపరు కుర్రాళ్లకు ఆయురారోగ్యాలు కలగాలి. పత్రిక ఇల్లు నిత్యకల్యాణం పచ్చతోరణంగా వర్ధిల్లాలి. శతమానం భవతి! నూరేళ్ల పండుగనాడు అభినందన రాసే వంతు కూడా ఆటోనగర్‌కే దక్కాలి. అప్పటికి మా మనవలు సిద్ధంగా ఉంటారు.