లియో ఫెండర్

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికా దేశానికి చెందిన వాద్య పరికరాల నిర్మాత, ఆవిష్కర్త. లియో ఫెండర్‌గా ప్రసిద్ధుడు. ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను విస్తృత వాడుకలోకి తెచ్చిన ఘనత ఇతనిదే. విచిత్రమేమంటే ఇతడు గిటార్ వాయించడం ఏనాడూ నేర్చుకోలేదు. అయినప్పటికీ తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ అనే భాగమును మూడు దశాబ్దాల పాటు మార్చి మార్చి నిర్మించాడు.

బాల్యము, తొలి జీవితము

లియో కాలిఫోర్నియా రాష్ట్రములో అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల సమీపాన నారింజ తోటలు సాగుచేసే కుటుంబములో జన్మించాడు. ఎనిమిదేళ్ళ వయసులో కణితి కారణంగా ఎడమ కన్ను కోల్పోయాడు. ఆ స్థానంలో గాజు కన్ను అమర్చారు. పదమూడేళ్ళ వయసులో బంధువు పంపిన విద్యుత్ విడిభాగాల పెట్టె వల్ల రేడియోలపై ఆసక్తి కలిగింది. కళాశాలలో చదివినది మాత్రం గణకశాస్త్రము. ఎలక్ట్రానిక్స్‌లో ఇతనికి చదువు లేదు, అంతా స్వయంకృషే. ఆర్థిక మాంద్యము రోజులలో గుమాస్తా ఉద్యోగము పోగా, 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మత్తు దుకాణము తెరిచాడు.

ఈ మరమ్మత్తు అనుభవమే ఇతని వాద్యాల తీరును నిర్ణయించింది. పాత పద్ధతిలో గిటార్ మెడను జిగురుతో అతికించేవారు. ఫెండర్ దానిని నాలుగు మరలతో బిగించాడు. పికప్‌లు, వాటి వైర్లు కూడా మరలు విప్పితే బయటకు వచ్చేటట్లు చేశాడు. చెడిన భాగమును తీసి కొత్తది వేయడమే ఉద్దేశము.

ప్రెసిషన్ బేస్

అప్పటి వాద్యబృందాలలో మంద్ర స్వరాలకు డబుల్ బేస్ అనే నిలువెత్తు వాద్యమును వాడేవారు. అది మోయడానికి కష్టము. డ్రమ్ముల మధ్య సరిగా వినిపించేది కాదు. 1930లలో సియాటిల్‌కు చెందిన పాల్ టట్‌మార్క్ విద్యుత్ బేస్‌ను తయారు చేసినా అది వ్యాప్తిలోకి రాలేదు. ఫెండర్ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ నిలదొక్కుకుంది. దీని తీగల పొడవు 34 అంగుళాలు. మెడపై ఫ్రెట్లు ఉండుటచే స్వరము కచ్చితంగా పలుకుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది.

పికప్ అనగా అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేలసార్లు చుట్టిన పరికరము. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. చుట్లు పెరిగితే ధ్వని బలపడుతుంది గాని తార స్వరాల స్పష్టత తగ్గుతుంది. 1951 నాటి పికప్‌లో ఒకే చుట్ట, ప్రతి తీగ క్రింద ఒకే అయస్కాంతము ఉండేవి. అందువల్ల తీగ మీటగానే వచ్చే దెబ్బ కఠినంగా ఉండేది. పైగా పరిసరాలలోని విద్యుత్ తీగల రొదను కూడా అది పట్టుకునేది.

1957లో ఫెండర్ ఈ రెండు లోపాలనూ ఒకేసారి సరిదిద్దాడు. పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు రెండేసి తీగలు కేటాయించాడు. రెండు చుట్టలనూ, వాటి అయస్కాంత ధ్రువాలనూ పరస్పరం వ్యతిరేక దిశలో అమర్చడంతో రొద రద్దయి సంగీతము మాత్రము మిగిలింది. ప్రతి తీగకూ ఇరువైపులా ఒక్కొక్క అయస్కాంతము ఉంచగా దెబ్బ మెత్తబడింది. ఇతని పనులన్నింటిలో ఇదే మేలైనదని చెప్పవచ్చు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు ఉన్నాయి. వంతెన వద్దనున్నది పదునుగా, మెడ వైపున్నది నిండుగా పలుకుతుంది. వాయించేవారు రెంటినీ కావలసిన పాళ్ళలో కలుపుకోవచ్చు.

పేరు కోల్పోవుట

దీర్ఘకాలిక అనారోగ్యము వల్ల తాను ఎక్కువకాలం బ్రతకననే భయంతో 1965లో కంపెనీని సీబీఎస్ సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మివేశాడు. తరువాత వైద్యుడిని మార్చగా జబ్బు నయమైంది! కాని ఫెండర్ అనే పేరు కంపెనీతోపాటే పోయింది. సొంత పేరు పెట్టుకోలేక 1970లలో మ్యూజిక్ మ్యాన్ సంస్థలో చేరాడు. అక్కడ 1976లో వచ్చిన స్టింగ్ రే బేస్‌లో పెద్ద పికప్‌తో పాటు, బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్లిఫయర్‌ను వాద్యములోనే అమర్చారు. దాని సర్క్యూట్ టామ్ వాకర్ రూపొందించినది. తరువాత పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలతో జీ అండ్ ఎల్ స్థాపించాడు. 1980లో అక్కడ వచ్చిన ఎల్-2000 బేస్‌లో సెరామిక్ అయస్కాంతముతో కొత్త పికప్ వాడాడు. దాని ధ్రువాల ఎత్తును ఒక్కొక్క తీగకు విడిగా సరిచేసుకోవచ్చు.

పికప్‌లు మార్చే అలవాటు

మరలతో విప్పగల నిర్మాణము వల్ల వాయిద్యకారులే మార్పులు చేసుకోసాగారు. 1970లలో డిమార్జియో, సేమోర్ డంకన్ వంటివారు ఫెండర్ కొలతలకే సరిపడే పికప్‌లు తయారుచేశారు. పాతది విప్పి, వైర్లకు టంకం వేసి కొత్తది బిగిస్తే చాలు, చెక్క తొలచనక్కరలేదు. అయితే జాజ్ బేస్‌లలో సాధారణంగా వంతెన వైపు పికప్ కొంచెం పొడవు, ఒకదాని చోట మరొకటి పట్టదు. ప్రెసిషన్ బేస్‌కు జాజ్ పికప్‌ను అదనంగా చేర్చాలంటే మాత్రం చెక్క తొలచవలసిందే. బిల్లీ షీహన్ తన ప్రెసిషన్ బేస్ మెడ వద్ద గిబ్సన్ పికప్‌ను చేర్చి, దాని ధ్వనికి వేరే మార్గము ఏర్పరచుకున్నాడు. మార్కస్ మిల్లర్ 1977 నాటి తన జాజ్ బేస్‌కు రోజర్ సడోవ్‌స్కీ చేత ప్రీయాంప్లిఫయర్ పెట్టించుకున్నాడు.

మరణము

పార్కిన్సన్ వ్యాధి సోకినా లియో చివరి రోజుల వరకు జీ అండ్ ఎల్ కార్ఖానాలో పనిచేశాడు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లో మరణించాడు. సమాధి శాంటా అనాలో ఉంది. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానము కల్పించారు.